గుర్రాల వీధి పూర్వస్థితి

ఇందుమతి కొత్తరేవు నగరపాలక సంస్థలో భూగర్భ డ్రైనేజీ విభాగానికి అసిస్టెంట్ ఇంజినీరుగా వచ్చేనాటికి గుర్రాల వీధిలో ఒక్క గుర్రం కూడా లేదు. ఒకప్పుడు రేవు నుంచి సరుకు తోలే జట్కాలవాళ్లంతా అక్కడే కాపురం ఉండేవారట. ఇప్పుడు ఆ వీధికి ఉన్న పేరు వేరు. గట్టిగా ఒక వాన పడితే చాలు, నడివీధిలో ఉన్న మ్యాన్‌హోల్ మూత మెల్లగా పైకి లేచి, పక్కకు ఒరిగి, ఊళ్లోవాళ్లంతా వద్దనుకుని వదిలేసిన నీళ్లను తెచ్చి ఆ వీధివాళ్లకు అప్పజెబుతుంది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పైనుంచి వచ్చే పైపు లావుది, కిందికి పోయే పైపు సన్నది. లావుది ఒక పాలకవర్గం వేసింది, సన్నది ఆ తర్వాతి పాలకవర్గం వేసింది. విడివిడిగా చూస్తే రెండూ మంచి పైపులే. ఆ రెండూ కలిసిన చోటికి ఎదురుగా నూకరత్నం ఇడ్లీ కొట్టు ఉంది.

నూకరత్నం యాభై దాటిన మనిషి, మాట నెమ్మది. మబ్బు కమ్మితే పొయ్యి మీద ఏముంటే అది దింపేసి, పిండి గిన్నెలు అటక మీదికి ఎక్కించి, గుమ్మానికి అడ్డంగా పాత గోనెలు కుక్కి కూర్చుంటుంది. నీళ్లు ఎలాగూ వస్తాయి. అవి పోయాక ఫినాయిల్ పోసి కడుగుతుంది. వాసన మాత్రం ఇంకొన్నాళ్లు అక్కడే ఉండి గిరాకీని రానివ్వదు. పోయిన వానాకాలంలో ఆవిడ కోడలు కామెర్లతో మంచం పట్టి, బతికి బయటపడడమే గొప్పయింది.

ఫిర్యాదు విచారణకు వెళ్లిన ఇందుమతి ఆ పిల్ల పసుప్పచ్చటి కళ్లు చూసి వచ్చింది. ఆ తర్వాత ఎవరెవరి బల్లల ముందు ఎన్నిసార్లు నిలబడిందో గానీ, సన్న పైపు తీసేసి లావుది వేసే పనికి మంజూరు తెచ్చింది. కొత్త పైపులు లారీలో వచ్చి వీధి మొదట్లో దిగాయి. నూకరత్నం వాటికి పసుపు రాసి బొట్లు పెట్టింది.

"వానలు పడేలోపు అయిపోతుందండి," అంది ఇందుమతి.

"మీరు సెప్పారు కాబట్టి నమ్ముతున్నానండి మేడంగారూ. ఇంతకుముందు ఒచ్చినోళ్లు మాటలే తెచ్చారండి. పైపులు తెచ్చింది మీరేనండి."

సోమవారం తవ్వకం మొదలవాలి. శనివారం సాయంత్రం రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది.

దాని పేరు 'దృఢ నగరం'. ఏ నగరంలోనైతే మురుగునీటి వ్యవస్థ సుస్థిరంగానూ దృఢంగానూ ఉన్నదో ఆ నగర కమిషనర్‌కు రాజధానిలో శాలువా, జ్ఞాపిక, పైగా విదేశాల్లోని మురుగు కాలువలు చూసివచ్చే అవకాశం. కొత్తరేవు కమిషనర్ భానుమూర్తి ఉత్సాహవంతులు. అంతకుముందు 'ఆనంద నగరం' అనే పథకం వచ్చినప్పుడు ఆయన ఆఫీసు మెట్ల మీద నవ్వుల క్లబ్బు పెట్టించి, ఉద్యోగులు నవ్వారో లేదో హాజరు వేయించారు. ఇందుమతికి అప్పట్లో రెండు పూటల సెలవు కోత పడింది.

సోమవారం ఉదయం తవ్వకం బదులు సమావేశం జరిగింది. 'పునరపి అసోసియేట్స్' అనే సలహా సంస్థ నుంచి డాక్టర్ ప్రద్యుమ్న వచ్చాడు. మెడలో సన్నటి కండువా, చేతిలో తెర మీద ఎర్రటి చుక్క వేసే చిన్న దీపం. ఆయన ఎర్ర చుక్కను తెర మీద కాసేపు తిప్పి మొదలుపెట్టాడు.

"దృఢత్వం అంటే ఏమిటి? దెబ్బ తగలకుండా ఉండడం అని చాలామంది పొరపాటు పడతారు. కాదు. దెబ్బ తగిలిన తర్వాత పూర్వస్థితికి తిరిగి రావడం. అంతర్జాతీయ నిర్వచనం ఇదే. షాక్, రికవరీ. ఎంత త్వరగా తిరిగి వస్తే అంత దృఢత్వం."

"అద్భుతం," అన్నారు కమిషనర్. "మన నగరంలో షాకులు ఎక్కడెక్కడ తగులుతున్నాయో సదరు విభాగం వారు తెలియజేయవలసింది."

సదరు విభాగం అంటే ఇందుమతి. ఆమె లేచి గుర్రాల వీధి సంగతి చెప్పింది. పొద్దున వాన పడితే మురుగు పొంగుతుందని, మధ్యాహ్నానికి తీస్తుందని, మళ్లీ వాన పడితే మళ్లీ పొంగుతుందని వివరించి, అందుకే పైపు మార్చడం అత్యవసరం అని ముగించింది.

ప్రద్యుమ్న చేతిలోని దీపం పక్కన పెట్టేశాడు. "మధ్యాహ్నానికే తిరిగి వచ్చేస్తుందా? ప్రతిసారీ?"

"ప్రతిసారీ."

"సార్," అన్నాడు ఆయన కమిషనర్ వైపు తిరిగి, గొంతు కొంచెం వణుకుతుండగా, "పెద్ద పెద్ద నగరాలు ఇలాంటి రికవరీ కోసం తపస్సు చేస్తున్నాయి. మీ దగ్గర అది సహజంగా దొరుకుతోంది."

"మరి ఆఫీసర్ల కాలనీ?" అడిగారు కమిషనర్. ఆయన బంగళా అక్కడే.

"అక్కడ ఎప్పుడూ పొంగలేదు సార్," అంది ఇందుమతి.

ప్రద్యుమ్న పెదవి విరిచాడు. "షాక్ లేదు. కాబట్టి రికవరీ లేదు. సున్నా మార్కులు."

మూడోనాటికి ఉత్తర్వు వచ్చింది. "గుర్రాల వీధి యందలి మురుగునీటి వ్యవస్థ దృఢత్వమునకు ఆదర్శప్రాయముగా నున్నందున, సదరు వ్యవస్థ తిరిగి రావలసిన పూర్వస్థితికి భంగము కలిగించు ఎట్టి మార్పులుగాని, మరమ్మతులుగాని, అభివృద్ధిగాని చేపట్టరాదని ఇందుమూలముగా ఆదేశించడమైనది." సన్న పైపు తీసేస్తే తిరిగి రావడానికి పూర్వస్థితే ఉండదు గదా. ఈ ఉత్తర్వు అమలు చూడడానికి ఇందుమతినే పూర్వస్థితి పరిరక్షణాధికారిగా నియమించారు.

ఆమె కమిషనర్ గదిలోకి వెళ్లింది. "సార్, అక్కడ మనుషులు జబ్బు పడుతున్నారు."

"కోలుకుంటున్నారు కదమ్మా?"

"కొందరు కోలుకున్నారు సార్."

"అదే నేను అనేది. వ్యవస్థా దృఢంగా ఉంది, ప్రజలూ దృఢంగా ఉన్నారు. దీన్ని నివేదికలో విడిగా ఒక అధ్యాయం చేయండి."

గుర్రాల వీధికి వెళ్లి ఈ సంగతి ఎలా చెప్పాలో ఇందుమతికి తోచలేదు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, నూకరత్నం పెట్టిన ఇడ్లీ చల్లారేదాకా చూస్తూ ఉండిపోయింది.

"పైపులు ఏయరా అండి?" నూకరత్నమే అడిగింది.

"ఇప్పట్లో వేయరండి. మీ వీధి చాలా గట్టిదని తేలింది. మురుగు వచ్చినా మళ్లీ పోతోంది కదా అంటున్నారు."

నూకరత్నం గుమ్మం పక్కనున్న చీపురు వైపు చూసింది. "పోకేం చేత్తదండి. మేం చీపుళ్లు పట్టుకుని తోత్తాంగా. మేం తోయడం కూడా ఆళ్ల లెక్కలోకే ఎల్లిపోయిందాండి?"

వెళ్లిపోయిందని చెప్పలేక ఇందుమతి ఇడ్లీ తిన్నది.

జూన్‌లో మొదటి వాన పడింది. మూత లేచింది. ప్రద్యుమ్న మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని వచ్చి, పొంగుతున్న మ్యాన్‌హోల్ పక్కన నిలబడి ఫోటో దిగాడు. వీధి మొదట్లో 'దృఢ వీధి' అని పెద్ద బోర్డు పెట్టారు. పక్క ఊళ్ల అధికారులు బస్సుల్లో వచ్చి, ముక్కుకు రుమాళ్లు కట్టుకుని చూసి, తమ ఊళ్లో ఇంత చక్కటి వీధి లేనందుకు విచారించి వెళ్లేవారు. వీధివాళ్లకు సామాజిక భవనంలో 'తట్టుకునే మనస్తత్వం' మీద శిక్షణ ఇచ్చారు. ఆ శిక్షణకు వచ్చిన ఆయన ఆ భవనంలో వాసన భరించలేక మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు.

బోర్డు సంగతి పేపర్లో పడ్డాక ఆఫీసర్ల కాలనీలో కలవరం పుట్టింది. ఊళ్లో ఉన్న పెద్దవాళ్లంతా ఉండే కాలనీకి సున్నా, జట్కాలవాళ్ల వీధికి బోర్డూనా అని సంక్షేమ సంఘం సమావేశమైంది. సంఘం అధ్యక్షుడు, రిటైరైన జిల్లా స్థాయి అధికారి వరాహమూర్తి, పదిమందిని వెంటేసుకుని వచ్చి కమిషనర్‌కు వినతిపత్రం ఇచ్చాడు.

"మేం పన్నులు కట్టడం లేదా? మురుగు విషయంలో ఈ వివక్ష ఏమిటి? మాకూ అవకాశం కల్పిస్తే మేమూ తిరిగి వచ్చి చూపిస్తాం."

డిమాండ్ న్యాయంగానే కనిపించింది. 'అవకాశాల సమానత్వం' అనే శీర్షిక కింద కాలనీకి కృత్రిమ షాక్ మంజూరు చేశారు. కాలనీ నుంచి పోయే పైపులో ఇసుక బస్తాలు అడ్డంగా వేయాలి, మురుగు పొంగాలి, పొంగిన మురుగు తిరిగి వెళ్లాలి. బస్తాలు వేయించే పని ఇందుమతి మీద పడింది.

"సార్, ఇది పొంగుతుంది గానీ పోదు," అని ఆమె ముందే చెప్పింది. "అది పల్లపు ప్రాంతం. పోయే దారి అదొక్కటే."

"నిరాశావాదం," అన్నాడు ప్రద్యుమ్న జాలిగా.

బస్తాలు వేశారు. కాలనీ చరిత్రలో మొదటిసారి మురుగు పైకి వచ్చింది. వరాహమూర్తి దాన్ని చప్పట్లతో స్వాగతించాడు. మధ్యాహ్నం దాకా అందరూ మేడల మీద నిలబడి అది వెనక్కి పోవడం కోసం ఎదురుచూశారు. పోలేదు. మర్నాడు కూడా పోలేదు. గుర్రాల వీధివాళ్లకు ఏళ్ల తరబడి చీపుళ్లతో తోసిన అలవాటు ఉంది. కాలనీలో చీపురు ఎక్కడ ఉంటుందో పనిమనిషికి తప్ప ఎవరికీ తెలియదు. పనిమనుషులేమో కొద్దిరోజులు రామని కబురు పెట్టారు.

బస్తాలు తీసేస్తానంది ఇందుమతి. అయితే అప్పటికే ప్రద్యుమ్న కాలనీ తాజా పరిస్థితిని కొలిచి, ఫోటోలతో సహా రాజధానికి పంపేశాడు. నమోదైనదే పూర్వస్థితి. పూర్వస్థితికి భంగం కలిగించరాదన్న ఉత్తర్వు దాంతో కాలనీకీ వర్తించింది. ఆ ఉత్తర్వు మీద సంతకం కమిషనర్‌దే. ఆయన ఆ రోజు నుంచి ఇటుకల మీద అడుగులు వేసుకుంటూ బంగళా గుమ్మం నుంచి కారు దాకా వెళ్లడం మొదలుపెట్టారు. నగర ప్రథమ సేవకుడిగా ఉత్తర్వును తానే ఉల్లంఘించడం బాగుండదని ఆయన ఉద్దేశం.

ఇంతలో తుది పరిశీలన తేదీ ఖరారైంది. దానితోపాటు కొత్త నిబంధన వచ్చింది. అలవాటైన దెబ్బ దెబ్బ కిందికి రాదు. వ్యవస్థ ఇంతవరకు ఎన్నడూ ఎరుగని షాక్ ఇచ్చి, దాని నుంచి తిరిగి రావడం చూపించాలి. గుర్రాల వీధికి వాన అలవాటైపోయింది.

మళ్లీ సమావేశం. కమిషనర్ ప్యాంటు అంచుల మీద తడి మరకలున్నాయి. గదిలో కూర్చున్నవాళ్లు ఆయన బూట్ల వైపు చూడకుండా జాగ్రత్తపడుతున్నారు.

"తుపాను?" అన్నారు ఆయన.

"సీజన్ కాదు సార్," అన్నాడు విపత్తు నిర్వహణ అధికారి.

"భూకంపం?"

"దానికి మన స్థాయిలో అనుమతి ఇచ్చే అధికారం లేదు సార్. పై వాళ్లకు రాయాలి."

"అసలు ఆ మురుగు వ్యవస్థకు ఇప్పటిదాకా తగలని దెబ్బ అంటూ ఒకటైనా మిగిలిందా? ఇందుమతి గారూ, మీరు చెప్పండి."

ఇందుమతికి అప్పటికే విసుగు తలకెక్కి ఉంది. ముందురోజే మళ్లీ వాన పడింది. నూకరత్నం కోడలు ఒంట్లో బాగా లేక పుట్టింటికి వెళ్లిపోయింది.

"ఒకటి ఉంది సార్," అందామె. "మరమ్మతు. అది మాత్రం దానికి ఇంతవరకు ఎన్నడూ తగల్లేదు."

ఎత్తిపొడుపుగానే అంది. గదిలో ఎవరూ నవ్వలేదు. ప్రద్యుమ్న కండువా సర్దుకుని ముందుకు వంగాడు.

"మరమ్మతు," అన్నాడు మెల్లగా, నోట్లో చప్పరిస్తున్నట్టు. "రోడ్డు తవ్వడం, పైపు పీకడం, కొత్తది తగిలించడం. వ్యవస్థ మూలాలనే కుదిపేసే సంఘటన. సార్, ఇది అపూర్వం."

"మరి తిరిగి వస్తుందా?" అన్నారు కమిషనర్ అనుమానంగా. "మరమ్మతు చేశాక మళ్లీ పొంగాలి కదా. పొంగకపోతే మనం ఓడిపోయినట్టే."

అందరూ ఇందుమతి వైపు చూశారు. అబద్ధం ఆడడం ఆమెకు ఇష్టం లేదు. నిజం ఎంతవరకు సరిపోతుందో చూసింది.

"మన సంస్థ అనుభవం చూస్తే సార్, ఇంతవరకు మనం చేసిన మరమ్మతు ఏదీ రెండో వానదాకా నిలబడలేదు."

గదిలో ఊరట నిట్టూర్పు వినిపించింది. కమిషనర్ ముఖం వికసించింది. "మన సంస్థ మీద నాకు ఆ నమ్మకం ఉంది," అన్నారు.

"గుర్రాల వీధి మురుగు వ్యవస్థపై ప్రయోగాత్మకముగా మరమ్మతు అను విపత్తును కలుగజేయుటకు" అనుమతి ఇస్తూ ఉత్తర్వు వెలువడింది. విపత్తు ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టారు. విపత్తు నిర్వహణ విభాగం ఒక పడవ, లైఫ్ జాకెట్లు పంపింది. వీధి రెండు చివర్లా 'విపత్తు జరుగుచున్నది, సహకరించగలరు' అని బోర్డులు వెలిశాయి. పసుపు వెలిసిపోయిన పైపులు దొర్లుకుంటూ గుంత దగ్గరికి వచ్చాయి.

ఇందుమతి ఆ రోజుల్లో ఇంటికి వెళ్లి అన్నం తిన్నదో లేదో ఆమెకే గుర్తు లేదు. వాలు సరిగ్గా ఉందా, అతుకులు బిగిశాయా, కింద ఇసుక పరుపు సమంగా పడిందా అని గుంతలోకి దిగి దిగి చూసింది. కాంట్రాక్టరు పెద్దిరాజు తల గోక్కున్నాడు.

"మేడంగారండి, ఇది విపత్తు కదండి. ఇంత పద్ధతిగా చెయ్యాలా అండి? ఎలాగూ పాడవ్వాలంట కదా."

"పాడవడం దాని పని పెద్దిరాజుగారూ. మన పని మనం చేద్దాం."

పెద్దిరాజుకు ఆ మాట కొత్తగా అనిపించినట్టుంది. ఆ తర్వాత సిమెంటు కలిపేటప్పుడు తనే దగ్గర నిలబడ్డాడు. పని చివరికి వచ్చాక నూకరత్నం అందరికీ ఉప్మా చేసి పెట్టింది. "ఇపత్తు బాగా జరిగిందండి," అంది ఇందుమతి గిన్నెలో ఇంకో గరిటె వేస్తూ.

తుది పరిశీలనకు రాజధాని నుంచి కమిటీ వచ్చిన రోజు ఆకాశం ఉదయం నుంచే ముసురు పట్టింది. మ్యాన్‌హోల్ చుట్టూ షామియానా వేసి కుర్చీలు పరిచారు. వాన కుండపోతగా మొదలైంది. కమిటీ అధ్యక్షుడు, పెద్దాయన, మూత మీదే చూపు నిలిపి కూర్చున్నాడు. ప్రద్యుమ్న బూట్లు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. నూకరత్నం అలవాటు కొద్దీ గోనెలు కుక్కి, పిండి గిన్నెలు అటకెక్కించి, గుమ్మంలో కూర్చుంది. ఇందుమతి షామియానా కింద కాకుండా ఆవిడ పక్కన వచ్చి నిలబడింది.

వాన పెరిగింది. కింద నీళ్లు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. మూత కదల్లేదు.

"ఎప్పుడు వస్తుంది?" అడిగాడు అధ్యక్షుడు.

"వచ్చేస్తుంది సార్, పాత అలవాటు," అన్నారు కమిషనర్. మూత దగ్గరికి వెళ్లి కాలితో తట్టి చూశారు కూడా.

మధ్యాహ్నం అయింది. కమిటీకి ఆకలి వేసింది. నూకరత్నం ఒకసారి వీధిలోకి చూసి, ఇంకోసారి ఇందుమతి ముఖంలోకి చూసి, లేచి గోనెలు తీసేసింది. అటక మీది గిన్నెలు దింపి పొయ్యి వెలిగించింది. వాన పడుతుండగా ఆ వీధిలో ఇడ్లీ ఉడికిన వాసన రావడం అదే మొదలు. ఇందుమతి ముఖం పక్కకు తిప్పుకుని చున్నీతో కళ్లు తుడుచుకుంది. వాన జల్లు అనుకుంటారులే అనుకుంది.

కమిటీ వేడి వేడి ఇడ్లీలు తిని, చట్నీ మళ్లీ అడిగి వేయించుకుని, సాయంత్రం నివేదిక రాసింది. "మరమ్మతు అను తీవ్ర విపత్తు నుండి గుర్రాల వీధి మురుగునీటి వ్యవస్థ కోలుకొనలేకపోయినది. పూర్వస్థితికి తిరిగివచ్చు సూచనలు కనుచూపుమేరలో లేవు. దృఢత్వము: శూన్యము."

"ఇంత బలహీనమైన వీధి అనుకోలేదు," అన్నాడు ప్రద్యుమ్న బూట్లు విప్పుకుంటూ. ఆ బూట్లు పొడిగా ఉన్నాయి. ఆ రాత్రి రైలుకే వెళ్లిపోయాడు. 'దృఢ వీధి' బోర్డు మర్నాడే పీకేశారు. వ్యవస్థ నిర్ణీత గడువులో ఎందుకు పాడుకాలేదో సంజాయిషీ ఇవ్వవలసిందిగా ఇందుమతికి మెమో అందింది.

"మా మూలంగా మీకు మాటొచ్చిందాండి?" అంది నూకరత్నం సంగతి విని.

"వచ్చిందండి. పర్వాలేదు," అంది ఇందుమతి. నిజంగానే పర్వాలేదనిపించింది ఆమెకు. కోడలు పుట్టింటి నుంచి వచ్చేసింది. లోపల చట్నీ రుబ్బుతోంది.

తర్వాత వానలు వరసగా పడ్డాయి. గుర్రాల వీధి మళ్లీ పొంగలేదు. ఆ కబురు ఊరంతా పాకింది. చేపల మార్కెట్ వీధివాళ్లు, గానుగ వీధివాళ్లు గుంపులుగా ఆఫీసుకు వచ్చి, మాకూ అలాంటి విపత్తు ఒకటి ఇప్పించండి అని అర్జీలు పెట్టడం మొదలుపెట్టారు. ఇందుమతి వాటన్నిటినీ ఒక్కొక్కటే పై అధికారులకు పంపింది. మరమ్మతు అని రాసినవి తిరిగి వచ్చాయి. విపత్తు అని రాసినవి మంజూరయ్యాయి.

ఒకరోజు సంజాయిషీ రాస్తుండగా ఆమె గది తలుపు తోసుకుని కమిషనర్ స్వయంగా వచ్చారు. ఆమె కంగారుగా లేచింది. ఆయన కూర్చోమని సైగ చేసి, తలుపు దగ్గరగా వేశారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. బూట్లు చేతిలో ఉన్నాయి.

"మెమో సంగతి వదిలేయండమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "మా కాలనీ సంగతి చూస్తున్నారుగా. ఉత్తర్వు నాదే, నేను కాదనలేను. మీరేమైనా అక్కడ ఒక విపత్తు ఏర్పాటు చేయగలరా?"

"చేయొచ్చు సార్. ఎంత పెద్దది కావాలి?"

కమిషనర్ చేతిలోని బూట్ల వంక చూసుకున్నారు.

"పెద్దదేం అక్కర్లేదు. కోలుకోలేనిదైతే చాలు."